ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్: చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు కాస్త చెప్పండి

ఈసీఈ_పల్నాడు:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర. కాకినాడ జేఎన్‌టీయూ కింద కాలేజీలో ఈసీఈ చదివి, క్యాంపస్‌లో వచ్చిన సర్వీస్ కంపెనీలో చేరిపోయాను. ఇప్పుడు గచ్చిబౌలిలో వేరే కంపెనీలో జావా బ్యాకెండ్ పని చేస్తున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్, అల్గారిథమ్స్ లాంటివి ఇంటర్వ్యూల ముందు యూట్యూబ్‌లో చూసుకున్నంతవరకే వచ్చు. రోజువారీ పని నడిచిపోతోంది. ప్రొడక్షన్‌లో థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఇరుక్కుపోయిన రోజు మాత్రం లోపల ఏం జరుగుతోందో నాకు అర్థం కాదు. నా తర్వాత చేరిన సీఎస్‌ఈ కుర్రాడు చూసి చెప్పేస్తాడు. నాకూ అది రావాలని గట్టిగా ఉంది.

అమెరికా వెళ్లి ఎమ్మెస్ చేసే వీల్లేదు. పాపకి రెండేళ్లు, ఇంటి లోను నడుస్తోంది, నాన్నగారికి ఆరోగ్యం అంతంతమాత్రం. జార్జియా టెక్ వాళ్ల ఆన్‌లైన్ మాస్టర్స్ ఓఎమ్‌ఎస్‌సీఎస్, బిట్స్ పిలానీ వీకెండ్ ఎంటెక్, ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు, ఇలా చాలా పేర్లు వింటున్నాను. ఈసీఈ వాళ్లని తీసుకుంటారా? వారానికి ఎన్ని గంటలు పడుతుంది? చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ప్లేనో_తెలుగు:

తమ్ముడూ, నేను ఓఎమ్‌ఎస్‌సీఎస్ పూర్తి చేశాను. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. చదివినన్నాళ్లూ ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూనే ఉన్నాను.

అట్లాంటాలోని జార్జియా టెక్ దీన్ని 2014 జనవరిలో మొదలుపెట్టింది. యుడాసిటీ, ఏటీ అండ్ టీ తోడయ్యాయి. అంత తక్కువ ఫీజుకి పేరున్న యూనివర్సిటీ మాస్టర్స్ ఏంటని అప్పట్లో చాలామంది అనుమానంగా చూశారు. ఇప్పుడు 10,000 మందికి పైగా చదువుతున్నారు. మొత్తం 10 కోర్సులు, 30 క్రెడిట్లు. థీసిస్ తప్పనిసరి కాదు. ఫీజు అంతా కలిపి ఏడెనిమిది వేల డాలర్ల దగ్గర తేలుతుంది. ప్రతి సెమిస్టర్‌కీ విడిగా ఒక ఫీజు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా చేస్తే కాస్త పెరుగుతుంది. ఆ కాస్త మిగులుతుందని ఒకేసారి రెండేసి కోర్సులు మాత్రం తీసుకోకు. పట్టా మీద ఆన్‌లైన్ అనే మాట ఉండదు. క్యాంపస్‌లో చదివినవాళ్లకిచ్చే డిగ్రీయే మనకీ ఇస్తారు.

చేరడం కన్నా పూర్తి చేయడం కష్టం. అర్హత ఉందనిపిస్తే సీటు ఇచ్చేస్తారు, సీట్లు ఇన్నే అని పట్టుకుని కూర్చోరు. అసలు జల్లెడ తర్వాత ఉంటుంది. మొదటి 12 నెలల్లో రెండు ఫౌండేషనల్ కోర్సుల్లో కనీసం బి గ్రేడ్ తెచ్చుకోవాలి. చివరికి జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.0 ఉండాలి. ఆరేళ్లలో పూర్తి చేయాలి. ఆరేళ్లంటే ఏడాదికి రెండు కోర్సులు చేసినా సరిపోతుంది. ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లకి ఇదే పెద్ద ఊరట.

ఇంకో మాట. దీంతో ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాదు, స్టూడెంట్ వీసా రాదు, ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్లకి పని చేసే అనుమతి) లేదు. ఇది చేస్తే అమెరికా దారి తెరుచుకుంటుందని ఏ కన్సల్టెన్సీ వాళ్లయినా చెబితే డబ్బు కట్టకండి.

ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లు ముందుగా కంపెనీ హెచ్ఆర్‌ని అడగండి. ఉద్యోగి చదువుకి కంపెనీ ఇచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను పడదు. చాలా కంపెనీల్లో ఆ పాలసీ ఉంటుంది కానీ అడిగేవాళ్లే తక్కువ. ఏడాదికి రెండు మూడు కోర్సుల ఫీజు అందులోనే వెళ్లిపోతుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న చెల్లెళ్లూ చదువుకోవచ్చు, వర్క్ పర్మిట్ లేకపోయినా చదువుకి అడ్డం లేదు.

సిస్టమ్స్_పిచ్చి:

ప్లేనో అన్న చెప్పినదానికి ఇండియా వైపు నుంచి కొన్ని కలుపుతాను. నేను మియాపూర్‌లో ఉంటూ చేస్తున్నాను. సగం పైనే అయిపోయింది.

ముందు గడువుల గురించి. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్ గడువు ఆదివారం రాత్రి 11:59, అదీ 'ఎనీవేర్ ఆన్ ఎర్త్' లెక్కన. అంటే భూమ్మీద ఎక్కడో ఒకచోట ఇంకా ఆదివారం ఉన్నంతసేపూ టైమున్నట్టే. మన గడియారంలో అది సోమవారం సాయంత్రం 5:29. వినడానికి బాగుంటుంది, ఒక రోజు ఎక్కువ దొరికిందనిపిస్తుంది. కానీ సోమవారం ఆఫీసులో స్టాండప్, వారం ప్లానింగ్, రిలీజ్ మీటింగులు అన్నీ ఉంటాయి. అందుకే నాకు గడువంటే ఆదివారం రాత్రే. సోమవారాన్ని లేనట్టే లెక్కేస్తాను. నాలుగింటికి మీటింగులో కూర్చుని గ్రేడ్‌స్కోప్ అనే సైట్‌లో సబ్మిట్ చేసే టెన్షన్ ఎవరికీ వద్దు.

గంటల సంగతి కోర్సుని బట్టి మారుతుంది. తేలికైనవి వారానికి ఎనిమిది, పది గంటల్లో అయిపోతాయి. బరువైనవి ఇరవై దాటుతాయి. నువ్వు థ్రెడ్ల గురించి రాశావు కాబట్టి చెప్తున్నా, నీ కోసమే పెట్టినట్టు ఒక కోర్సుంది. గ్రాడ్యుయేట్ ఇంట్రడక్షన్ టు ఆపరేటింగ్ సిస్టమ్స్, అందరూ జీఐఓఎస్ అంటారు. పాఠాలు అదా గావ్రిలోవ్‌స్కా చెప్తారు. వీడియోలు బాగుంటాయి గానీ అసలు చదువంతా ప్రాజెక్టుల్లో ఉంది. మొదటిదాంట్లో సీ భాషలో ఫైళ్లు పంపే సర్వర్ రాయాలి. ముందు ఒక్క థ్రెడ్‌తో, తర్వాత చాలా థ్రెడ్లతో, థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసే మ్యూటెక్స్‌లు, కండిషన్ వేరియబుల్స్ అన్నీ చేత్తో రాసి. ఆ తర్వాతది ప్రాక్సీ సర్వర్, దాని పక్కన షేర్డ్ మెమరీతో మాట్లాడే క్యాష్ ప్రాసెస్. చివరిది జీఆర్‌పీసీతో (వేరే మెషీన్‌లోని ఫంక్షన్‌ని పిలిచే సాధనం) డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్. జావాలో థ్రెడ్లని నడిపే ఎగ్జిక్యూటర్ సర్వీస్ అని ఒక్క లైనులో వాడేస్తున్నామే, దాని లోపల ఏముందో అక్కడ మన చేత్తో కడతాం. ఆ మొదటి ప్రాజెక్టు అయ్యాక ఆఫీసులో థ్రెడ్ డంప్ (ఆ క్షణాన అన్ని థ్రెడ్ల స్థితి చూపే జాబితా) తెరిచి చదవడం నాకు వేరే అనుభవం. ఏ థ్రెడ్ ఏ లాక్ కోసం ఆగిందో పేజీ మీద కనిపిస్తుంది.

అయితే ముందుగా సీ రావాలి. బీటెక్ మొదటి ఏడాది సీ సరిపోదు. పాయింటర్లు, మాలాక్, సాకెట్లు, తప్పులు పట్టే జీడీబీ, వాల్‌గ్రైండ్ సాధనాలు ఇవన్నీ చేతికి అలవాటయ్యాకే ఆ కోర్సు తీసుకో.

పరీక్షలు ఇంట్లోనే. హానర్‌లాక్ అనే ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ కెమెరాతో చూస్తూ ఉంటుంది. మొదలుపెట్టే ముందు గదంతా తిప్పి చూపించాలి. పరీక్ష రాయడానికి సాధారణంగా కొన్ని రోజుల విండో ఇస్తారు కాబట్టి మనకి కుదిరే గంట ఎంచుకోవచ్చు. నేను తెల్లవారుజామున అయిదింటికి రాస్తాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నెట్ బాగుంటుంది, కాలింగ్ బెల్ మోగదు. రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కరెంటు పోతే లాప్‌టాప్ బతుకుతుంది కానీ వైఫై పోతుంది.

కోకాపేట_అమ్మ:

ఈసీఈ_పల్నాడు గారూ, మీ పాపకి రెండేళ్లన్నారు. మా బాబుకి ఏడాదిన్నర ఉన్నప్పుడు నేను మొదలుపెట్టాను. కోర్సుల గురించి పై వాళ్లు చెప్పారు, నేను ఇంటి గురించి చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. 'ఏదో ఆన్‌లైన్ కోర్సు' అని కాదు, 'ఇది మాస్టర్స్ డిగ్రీ, నాలుగైదేళ్లు పడుతుంది, ఫలానా నెలల్లో పరీక్షలుంటాయి' అని చెప్పండి. మన ఇళ్లల్లో పిల్లవాడు ఇంటర్ చదువుతుంటే టీవీ సౌండ్ తగ్గిస్తారు, చుట్టాల్ని రావద్దంటారు. ముప్పై దాటిన మనిషి చదువుతుంటే అది చదువని ఎవరికీ తోచదు, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆఫీసు పనేమో అనుకుంటారు. మా అత్తగారికి సిలబస్ తెరిచి చూపించి, పరీక్ష తేదీలు గోడ మీద క్యాలెండర్లో రాసి పెట్టాను. ఆ రోజు నుంచి ఆవిడే ఆ వారం ఎవర్నీ భోజనానికి పిలవకుండా చూసుకునేవారు. ఆవిడ లేకపోతే నా చదువు సాగేది కాదు.

రాత్రిళ్లు మెలకువగా ఉండి చదువుదామని ప్లాన్ వేసుకోకండి. పిల్లలు పడుకునేసరికి మనం కూడా అలిసిపోతాం. వీడియో పాఠాలు బస్సులోనో, వంట చేస్తూనో వినొచ్చు. కోడ్ రాయడానికి మాత్రం కదలకుండా కూర్చునే మూడు గంటలు వారంలో రెండుసార్లయినా కావాలి. మాకు శనివారం, ఆదివారం పొద్దున పూట కుదిరింది. మా వారు బాబుని తీసుకుని కిందకి వెళ్లిపోయేవారు.

సెమిస్టర్ మధ్యలో ఇంట్లో ఏదైనా వస్తే కోర్సు విత్‌డ్రా చేసుకునే తేదీ ఒకటి ఉంటుంది. అప్పుడు డబ్ల్యూ అని పడుతుంది, జీపీఏ తగ్గదు. ఆ తేదీ క్యాలెండర్లో ముందే రాసుకోండి. నాన్నగారి ఆరోగ్యం అన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను. విత్‌డ్రా అంటే ఓడిపోయినట్టు కాదు.

బిట్స్_వీకెండ్:

నేను బిట్స్ పిలానీ వర్క్ ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్‌లో ఎంటెక్ చేశాను. ఇది పూర్తిగా వేరే పద్ధతి కాబట్టి పోల్చి చూసుకోండి.

నాలుగు సెమిస్టర్లు. వారాంతాల్లో లైవ్ క్లాసులు. చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్, దాన్ని మన ఆఫీసు పని మీదే చేసుకోవచ్చు. చేరేటప్పుడే కంపెనీ సమ్మతి, ఒక మెంటర్ పేరు ఇవ్వాలి. అందుకే కొన్ని కంపెనీలు ఫీజు కూడా భరిస్తాయి, బదులుగా బాండ్ రాయించుకుంటాయి. ఆ బాండ్ కాగితం సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవండి.

నాకు నచ్చింది ఏంటంటే టైంటేబుల్. శనివారం ఫలానా గంటకి క్లాసు ఉందంటే ఉన్నట్టే. ఎవరూ తరమకపోతే పుస్తకం తెరవని స్వభావం కొందరిది, అలాంటివాళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. రెండేళ్లలో అయిపోతుంది. ఇండియాలో ఎంటెక్ అన్న పేరు ఉంటుంది. కాకపోతే రెండేళ్లపాటు పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఊరి ప్రయాణాలు అన్నీ క్లాసులతో ఢీకొంటాయి. క్లాసులు రికార్డు అవుతాయి గానీ, వెనకబడితే అందుకోవడం కష్టం.

విశాఖ_లెక్చరర్:

నాదొక ప్రశ్న. నేను ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తాను. ఈ అమెరికా ఆన్‌లైన్ డిగ్రీ చూపిస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి పనికొస్తుందా? మా హెచ్ఓడీ గారు ఒకలా చెప్తున్నారు, ఆఫీసులో ఇంకోలా చెప్తున్నారు.

బిట్స్_వీకెండ్:

లెక్చరర్ గారూ, మీ విషయంలో తొందరపడొద్దు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ఏ యూనివర్సిటీ, ఏం నేర్చుకున్నావు అన్నదే చాలు. బోధన ఉద్యోగాలు, ప్రభుత్వ ఉద్యోగాలు అలా కాదు. విదేశీ డిగ్రీకి ఇక్కడ సమానత్వం ఉందా, ఆన్‌లైన్ పద్ధతిని ఒప్పుకుంటారా అని నోటిఫికేషన్ ఇచ్చే సంస్థే తేలుస్తుంది. ఇండియాలో దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఎంతమంది ఇబ్బంది పడ్డారో మీకు తెలిసే ఉంటుంది. మీరు లెక్చరర్‌గానే ఉండాలనుకుంటే ఫీజు కట్టకముందే యూనివర్సిటీ అఫిలియేషన్ విభాగానికి రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. నోటిమాట మీద ఆధారపడకండి.

స్విచ్_చాలు:

అందరూ చేయమనే చెప్తున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తాను. జీతం పెరగడం కోసమైతే చేయకండి. హైదరాబాద్‌లో హెచ్ఆర్ వాళ్లు మాస్టర్స్ ఉందని హైక్ ఇవ్వరు. పాత జీతం మీద ముప్పై శాతం అనే లెక్క డిగ్రీతో మారదు. మూడు నాలుగేళ్ల వారాంతాలు పెట్టే బదులు ఆర్నెల్లు డేటా స్ట్రక్చర్స్, సిస్టమ్ డిజైన్ మీద కూర్చుంటే కంపెనీ మారొచ్చు, జీతం పెరుగుతుంది. నేను అదే చేశాను, సంతోషంగా ఉన్నాను. పైగా ఇప్పుడు ఏఐ కోడ్ రాసేస్తోంది.

సిస్టమ్స్_పిచ్చి:

స్విచ్_చాలు గారి మొదటి మాట నిజం, జీతం కోసమే అయితే అదే దగ్గరి దారి. ఏఐ మాట దగ్గర మాత్రం ఒప్పుకోను. ఏఐ రాసిన కోడ్‌లో రేస్ కండిషన్ (థ్రెడ్లు పోటీపడి ఫలితం తప్పే లోపం) ఉందో లేదో చూసి చెప్పేవాడు కావాలి కదా. అసలు ఈసీఈ తమ్ముడు అడిగింది జీతం గురించి కాదు, లోపల ఏం జరుగుతోందో అర్థం కావాలన్నాడు. దానికి దగ్గరి దారి నాకైతే కనపడలేదు.

ఏఐ అనగానే ఇంకోటి చెప్పాలి. ఓఎమ్‌ఎస్‌సీఎస్‌లో కాపీ విషయంలో చాలా కఠినంగా ఉంటారు. మనం బీటెక్‌లో ల్యాబ్ రికార్డు ఒకడు రాస్తే క్లాసంతా దింపుకున్న అలవాటులో పెరిగాం, అది తప్పని కూడా ఎవరూ చెప్పలేదు. ఇక్కడ గిట్‌హబ్‌లో ఎవరిదో పాత ప్రాజెక్టు చూసి నాలుగు ఫంక్షన్లు ఎత్తుకున్నా పట్టుబడతారు. ప్రోగ్రామ్‌లని పోల్చి చూసే సాధనాలున్నాయి. పట్టుబడితే కేసు యూనివర్సిటీ స్టూడెంట్ ఇంటెగ్రిటీ ఆఫీసుకి వెళ్తుంది. ఏఐ ఎంతవరకు వాడొచ్చన్నది ప్రతి కోర్సు సిలబస్‌లో రాసి ఉంటుంది, మొదటి రోజే చదవండి. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా 'పాత సొల్యూషన్స్ ఉన్నాయి, కావాలా' అంటే ఆ గ్రూపు నుంచి వచ్చేయండి. మీ సొంత కోడ్‌ని కూడా పబ్లిక్ రిపాజిటరీలో పెట్టకూడదు.

ప్లేనో_తెలుగు:

దీనికి తోడు గ్రాడ్యుయేట్ అల్గారిథమ్స్ గురించి కూడా చెప్పాలి. జీఏ అంటారు. కంప్యూటింగ్ సిస్టమ్స్, మెషీన్ లెర్నింగ్ స్పెషలైజేషన్లలో నేను చదివినప్పుడు అది తప్పనిసరి, అందులో బి రావాలి. డైనమిక్ ప్రోగ్రామింగ్, గ్రాఫులు, మ్యాక్స్ ఫ్లో, ఎన్‌పీ కంప్లీట్‌నెస్. మార్కుల్లో పెద్ద వాటా పరీక్షలదే. కోడ్ నడిస్తే చాలదు, ఎందుకు సరైనదో వాక్యాల్లో రాసి ఒప్పించాలి. మనకి లెక్కలు చేయడం అలవాటే, నిరూపణ రాయడం అలవాటు లేదు. ఆఫీసు ఒత్తిడి తక్కువున్న సెమిస్టర్ చూసుకుని ఆ కోర్సు ఒక్కటే తీసుకోవాలి. ఆ సెమిస్టర్‌లో ఇల్లు మారడం, పెళ్లి పనులు లాంటివేమీ పెట్టుకోకండి.

రిజిస్ట్రేషన్ కూడా సీనియారిటీ వరసలో జరుగుతుంది. ఎక్కువ క్రెడిట్లు చేసినవాళ్లకి ముందు అవకాశం వస్తుంది. మొదటి సెమిస్టర్‌లో కోరుకున్న కోర్సు దొరక్కపోతే దిగులు పడొద్దు, వెయిట్‌లిస్ట్‌లో ఉంటూ చూడాలి.

ఈసీఈ_పల్నాడు:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కోకాపేట అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. అమ్మకి కూడా చెప్పమంది. జీఐఓఎస్ గురించి చదివాక నాకు ఓఎమ్‌ఎస్‌సీఎస్ వైపే మనసు పోతోంది. కానీ నాది ఈసీఈ కదా, తీసుకుంటారా? రికమెండేషన్ లెటర్లు ఎవరి దగ్గర తీసుకోవాలి? కాలేజీ వదిలి ఇన్నేళ్లయ్యింది.

ఇగ్నో_రాజమండ్రి:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. డాలర్లలో ఫీజు కట్టలేనివాళ్లు కూడా ఈ చర్చ చదువుతుంటారు. ఇగ్నో ఎంసీఏ ఉంది, రెండేళ్లు, మొత్తం ఫీజు లక్ష లోపే. అసైన్‌మెంట్లు ఇచ్చి, జూన్, డిసెంబర్ పరీక్షలు సెంటర్లో రాయాలి. పాఠాలు చెప్పి నడిపించేవాళ్లు పక్కన ఉండరు, మనమే చదువుకోవాలి. డిగ్రీ బీఎస్సీయో, బీకామ్ కంప్యూటర్సో చేసి సపోర్ట్ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఇది నిజమైన మెట్టు. నాకు డెవలపర్ పోస్టుకి అప్లై చేసుకునే అర్హత దీనివల్లే వచ్చింది.

సిస్టమ్స్_పిచ్చి:

ఇగ్నో గారూ, మంచి మాట చెప్పారు.

ఈసీఈ తమ్ముడూ, నాదీ ఈసీఈయే. తీసుకుంటారు. కానీ అప్లికేషన్‌లో సీఎస్ పునాది ఉందని చూపించాలి. మైక్రోప్రాసెసర్స్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సీ ప్రోగ్రామింగ్ పేపర్లు ఎలాగూ ట్రాన్‌స్క్రిప్టులో ఉంటాయి. డేటా స్ట్రక్చర్స్ విషయంలో జార్జియా టెక్ వాళ్లే ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో కోర్సులు పెట్టారు. అవి చేసి సర్టిఫికెట్ తీసుకో, తర్వాత చదువుకీ ఉపయోగపడుతుంది.

జీఆర్ఈ అక్కర్లేదు. టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ కావాలి, స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందు రాసేయకు. ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి మార్చి మధ్యలో, జనవరి సెమిస్టర్‌కి ఆగస్టు మధ్యలో గడువు ఉంటుంది. కచ్చితమైన తేదీ వాళ్ల సైట్‌లో చూసుకో. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించే పని మాత్రం ఇవాళే మొదలుపెట్టు. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకో. చాలామంది ప్రొవిజనల్‌తో ఉద్యోగంలో చేరిపోయి ఓడీ తీసుకోరు, అవసరమైనప్పుడు కాకినాడకి తిరగాల్సొస్తుంది.

లెటర్లు మూడు. ఒకటి మీ మేనేజర్, ఒకటి నీ కోడ్ రోజూ చూసే టెక్ లీడ్, ఒకటి కాలేజీ ప్రొఫెసర్. పెద్ద హోదా ఉన్నవాళ్లకన్నా నీ పని తెలిసినవాళ్లు నయం. 'మంచి కుర్రాడు, కష్టపడతాడు' అని రాస్తే ఉపయోగం లేదు. ఏ సమస్య ఇచ్చారు, నువ్వు ఎలా పరిష్కరించావు అన్నది రాయాలి. అందుకే నువ్వు చేసిన ప్రాజెక్టుల వివరాలు ఒక పేజీలో రాసి వాళ్లకి ఇవ్వు. లెటర్ మాత్రం వాళ్లే రాయాలి. మనం రాసి సంతకం పెట్టించుకునే పద్ధతి ఇక్కడ వద్దు.

కోకాపేట_అమ్మ:

లెటర్లు రాసేవాళ్లకి లింకు మెయిల్‌లో వెళ్తుంది. కాలేజీ సార్లు ఆ మెయిల్ చూసుకోరు, ఒక్కోసారి స్పామ్‌లో పడుతుంది. మీ సార్‌కి ముందే ఫోన్ చేసి ఏ మెయిల్ ఐడీ వాడతారో కనుక్కోండి, కాలేజీ ఐడీ ఉంటే అదే ఇవ్వమనండి. లింకు పంపిన రోజు మళ్లీ ఒకసారి చేయండి. మీకు జనవరి సెమిస్టర్ కావాలంటే ఆ ఫోన్ జూన్‌లోనే చేసేయండి. జూలై వచ్చేసరికి కొత్త అడ్మిషన్ల హడావుడిలో సార్లు దొరకరు.